బఫలో మంచు: అసలు కారణం సరస్సు వెచ్చదనం

2014 నవంబరు 18న అమెరికాలోని బఫలో నగరంలో తీసిన ఫోటోలు చూస్తే, రెండు వేర్వేరు రోజుల బొమ్మలను ఎవరో అతికించారేమో అనిపిస్తుంది. పైన నీలాకాశం, కింద ఎండ పడుతున్న ఇళ్ల కప్పులు, వాటి వెనక నేల నుంచి మేఘం దాకా నిలువుగా లేచిన తెల్లటి గోడ. ఆ గోడ లోపల గంటకు మూడు నాలుగు అంగుళాల చొప్పున మంచు పడుతోంది. లాంకాస్టర్, వెస్ట్ సెనెకా వంటి శివారు పట్టణాలలో మొదటి విడతలోనే అది ఐదడుగులు దాటింది. అక్కడికి కొద్ది మైళ్ల ఉత్తరాన ఉన్నవారికి కొన్ని అంగుళాలతో సరిపోయింది. న్యూయార్క్ త్రూవే అనే పెద్ద రహదారిని వంద మైళ్లకు పైగా మూసేశారు. నయాగరా యూనివర్సిటీ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు ప్రయాణిస్తున్న బస్సు ఆ రోడ్డు మీద ఒక పగలూ ఒక రాత్రీ దాటి ఇరుక్కుపోయింది.

‘బఫలోలో ఏడడుగుల మంచు’ అన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. అది అబద్ధం కాదు కానీ, బఫలో అనే పేరు అక్కడ ఏమీ చెప్పదు. తెలుగు విద్యార్థులు చాలామంది చదివే యూనివర్సిటీ ఎట్ బఫలో పెద్ద ప్రాంగణం ఊరికి ఉత్తరాన ఆమ్‌హర్స్ట్‌లో ఉంది. మంచు కూరుకుపోయింది దక్షిణాన, తూర్పున. టీవీ చూసి కంగారుపడి ఫోన్ చేసిన తల్లిదండ్రులకు, ‘ఇక్కడేమీ లేదమ్మా, ఎండ కాస్తోంది’ అన్న జవాబు వచ్చి ఉంటే అందులో దాపరికం ఏమీ లేదు.

ఒకే ఊరిలో ఇంత తేడా ఎందుకు? ఇలాంటి తుపానులు నడి చలికాలం కోసం ఆగకుండా నవంబరులోనే ఎందుకు విరుచుకుపడతాయి? చాలామంది వెతికే జవాబు చలిలో ఉంటుంది: ఆర్కిటిక్ నుంచి గడ్డకట్టించే గాలి వచ్చింది, మంచు పడింది అని. ఆ గాలి ఎముకలు కొరికేంత చల్లనిది, నిజమే. కానీ అది పరమ పొడి గాలి కూడా. తన దగ్గర నీరే లేని గాలి ఐదడుగుల మంచును ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ నీటినీ, దాన్ని పైకి లేపే వేడినీ ఇచ్చేది ఊరి పక్కనే ఉన్న ఈరీ సరస్సు. అందుకే దీన్ని లేక్ ఎఫెక్ట్ స్నో, అంటే సరస్సు వల్ల కురిసే మంచు అంటారు.

పదమూడు డిగ్రీల లెక్క

మన ఊళ్లలో పుష్యమాసపు తెల్లవారుజామున చెరువు మీద పొగలు లేవడం చాలామంది చూసే ఉంటారు. నీరు ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది, దాని మీది గాలి చల్లబడి ఉంటుంది. నీటి నుంచి లేచిన ఆవిరి ఆ చల్లగాలిలో కలిసి సన్నటి బిందువులుగా మారి కనిపిస్తుంది. ఈరీ సరస్సు మీద జరిగేదీ ఇదే, కాకపోతే 388 కిలోమీటర్ల పొడవున, కిలోమీటర్ల ఎత్తున జరుగుతుంది.

కెనడా మీదుగా దిగిన చల్లగాలి నీటిని తాకగానే అడుగు పొర వేడెక్కుతుంది, తేమ పీల్చుకుంటుంది, తేలికపడి పైకి లేస్తుంది. పైకి పోతే చల్లబడుతుంది. అయినా చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగానే మిగిలితే ఇంకా పైకి పోతుంది, మేఘమవుతుంది, మంచు రేకులు పుడతాయి. ఎక్కడో ఒకచోట చుట్టుపక్కల గాలితో సమానమైతే ఆగిపోతుంది, మేఘం కట్టదు.

ఈ రెండింటిలో ఏది జరుగుతుందో తేల్చడానికి వాతావరణ నిపుణులు ఒక లెక్క వాడతారు. సరస్సు ఉపరితలానికీ, సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉన్న గాలికీ మధ్య కనీసం 13 డిగ్రీల సెల్సియస్ తేడా ఉండాలి. ఆ అంకె ఎక్కడిదో చూడండి. మేఘం కట్టక ముందు, పైకి లేచే గాలి ప్రతి కిలోమీటరుకూ సుమారు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. ఈరీ సరస్సు సముద్రమట్టానికి 174 మీటర్ల ఎత్తున ఉంది. అంటే పైకి పోవలసిన దూరం 1.3 కిలోమీటర్ల పైచిలుకు. గుణిస్తే 13. పై గాలి అంతకంటే చల్లగా ఉంటే లేచిన గాలికి దారిలో అడ్డు ఉండదు.

నవంబరు మధ్యలో బఫలో దగ్గర ఈరీ నీరు మామూలుగా 9, 10 డిగ్రీలు ఉంటుంది. పై గాలి మైనస్ 15కు దిగిందనుకోండి. తేడా 25, అంటే కావలసిన దానికి దాదాపు రెట్టింపు. అప్పుడు మేఘం లేచే వేగం ఎలా ఉంటుందంటే, మంచుతోపాటు ఉరుములూ మెరుపులూ వస్తాయి. 2014లోనూ, 2022 నవంబరులోనూ అదే జరిగింది.

అయితే ఈ మేఘాలు పొట్టివి. మన వేసవి ఉరుముల మేఘాలు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. వీటి తల చాలాసార్లు రెండు నుంచి నాలుగు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన గాలి మళ్లీ కాస్త వెచ్చబడే పొర ఒకటి ఉండి, మేఘాన్ని ఇక పెరగనివ్వదు. ఆ పొర ఎంత ఎత్తున ఉంటే మంచు అంత జోరు. ఈ పొట్టితనం వల్ల రాడార్‌కు కూడా చిక్కే. భూమి వంపు కారణంగా రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేలకు పైపైకి పోతుంది. కేంద్రానికి బాగా దూరాన ఉన్న ఊళ్లలో కిరణం మేఘం తల మీదుగా దాటిపోయి, తెర ఖాళీగా కనిపిస్తూ ఉండగానే కింద మంచు కుమ్మేస్తూ ఉంటుంది.

గాలి ఏ మూల నుంచి

తేడా ఉన్నంత మాత్రాన గోడ లేవదు. గాలి నీటి మీద ఎంత దూరం ప్రయాణించిందన్నది రెండో లెక్క. ఈరీ సరస్సు పొడవు 388 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడ చూసినా వంద కిలోమీటర్ల లోపే. అది నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా పడుకుని ఉంది; బఫలో దాని ఈశాన్య కొసన కూర్చుంది. వాయవ్య గాలి వీస్తే సరస్సును అడ్డంగా దాటుతుంది. తేమ తక్కువ పడుతుంది, సన్నసన్నటి మంచు చారలు చాలా ఏర్పడి పెన్సిల్వేనియా, షటాక్వా కొండల మీద తలా కాస్త రాల్చి పోతాయి. పడమటి గాలి కాస్త నైరుతికి ఒరిగి సరస్సు పొడవునా వీచిందంటే కథ వేరు. రెండు ఒడ్డుల నేల నీటి కంటే చల్లగా ఉంటుంది కాబట్టి రెండు వైపుల నుంచీ చల్లగాలి సరస్సు నడుమకు తోసుకువస్తుంది. నడుమ ఢీకొన్న గాలికి పైకి పోవడం తప్ప వేరే దారి లేదు. చారలన్నీ కలిసి ఒకే పట్టీ అవుతుంది. పది, ఇరవై, ముప్పై కిలోమీటర్ల వెడల్పు, వందల కిలోమీటర్ల పొడవు, దాని కొస బఫలో మీద.

ఇక గాలి దిశ పది డిగ్రీలు మారితే ఆ కొస పదుల కిలోమీటర్లు జరిగిపోతుంది. కాస్త నైరుతికి తిరిగితే నగరం నడిబొడ్డు, ఉత్తర శివార్లు. కాస్త పడమటికి తిరిగితే హాంబర్గ్, ఆర్చర్డ్ పార్క్ వంటి దక్షిణపు ఊళ్లు. 2022 నవంబరు తుపానులో ఆ రెండు ఊళ్లలో 80 అంగుళాల దగ్గర పడింది. దిశ కదలకుండా గంటల తరబడి నిలబడితే ఒకే పేట మునిగిపోతుంది. ఊగుతూ ఉంటే అందరికీ పంచుతుంది. కింది గాలి ఒక దిక్కుగా, పై గాలి దానికి ముప్పై డిగ్రీలకు మించి వేరే దిక్కుగా వీస్తే పట్టీ చెదిరిపోతుంది. చలి ఎంత ఉన్నా అప్పుడు పెద్దగా ఏమీ జరగదు.

ఒక విడ్డూరం కూడా చెప్పాలి. బఫలో బిల్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మైదానం ఆర్చర్డ్ పార్క్‌లో ఉంది. 2014లోనూ, 2022లోనూ ఆ జట్టు సొంత గడ్డ మీది మ్యాచ్‌ను డెట్రాయిట్‌కు మార్చవలసి వచ్చింది. డెట్రాయిట్ ఇదే ఈరీ సరస్సు పడమటి కొసకు దగ్గర్లోని ఊరు. గాలి అక్కడికి వచ్చేసరికి ఈరీ నీటిని ఇంకా తాకి ఉండదు. మిషిగన్ సరస్సుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది: పడమటి ఒడ్డున ఉన్న షికాగో, మిల్వాకీల కంటే తూర్పు ఒడ్డున ఉన్న మస్కీగన్‌కు చాలా ఎక్కువ మంచు.

నవంబరు గండం

నెలవారీ సగటు తీస్తే బఫలోలో డిసెంబరు, జనవరిలలోనే మంచు ఎక్కువ. నవంబరులో ఆర్కిటిక్ గాలి అంత తరచుగా దిగదు. కానీ దిగిన రోజున దానికి ఎదురయ్యేది వేసవి వేడిని ఇంకా దాచుకున్న సరస్సు. ఒక ఘనపు మీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తితో సుమారు మూడున్నర వేల ఘనపు మీటర్ల గాలిని ఒక డిగ్రీ వేడెక్కించవచ్చు. ఆగస్టులో ఎక్కిన వేడి నవంబరు దాకా దిగదంటే ఆశ్చర్యం లేదు. ఈ ఆలస్యం వల్ల బాగుపడినవారూ ఉన్నారు. ఈరీ దక్షిణపు ఒడ్డు వెంట మైళ్ల కొద్దీ ద్రాక్ష తోటలు. శరత్తులో నీటి వెచ్చదనం తొలి మంచుకాటును వెనక్కి నెడుతుంది. వసంతంలో నీటి చల్లదనం మొగ్గలను తొందరపడి విచ్చుకోనివ్వదు.

నీటికి ఇంకో గుణం ఉంది. నాలుగు డిగ్రీల దగ్గర అది అన్నిటికంటే బరువు. శరత్తులో పై పొర చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, కిందున్న వెచ్చని నీరు పైకి వస్తుంది. అడుగు దాకా మొత్తం నీరు నాలుగు డిగ్రీలకు చేరే వరకూ ఈ తిరగబోత ఆగదు. ఆ తరువాతే పై పొర ఇంకా చల్లబడి గడ్డకట్టగలదు. ఈరీ సగటు లోతు 19 మీటర్లే. ఆ పని త్వరగా ముగుస్తుంది, చాలా ఏళ్లలో జనవరి, ఫిబ్రవరి నాటికి దాని మీద మంచు పలకలు పరుచుకుంటాయి. పలక పడ్డాక ఆవిరి తగ్గుతుంది, బఫలో ఊపిరి పీల్చుకుంటుంది. పక్కనే ఉన్న ఒంటారియో సరస్సు సగటు లోతు 86 మీటర్లు. అది పూర్తిగా గడ్డకట్టడం చాలా అరుదు, కాబట్టి దాని తూర్పున ఉన్నవారికి చలికాలం ముగిసేదాకా విముక్తి లేదు.

నవంబరు కంటే ముందు కూడా ఒకసారి దెబ్బ పడింది. 2006 అక్టోబరు 12, 13 తేదీలలో బఫలో విమానాశ్రయం దగ్గర 22.6 అంగుళాల మంచు కురిసింది. అంకె చూస్తే పెద్దది కాదు, అక్కడివారికి అసలే కాదు. కానీ అది నీరు నిండిన బరువైన మంచు, చెట్లకు ఇంకా ఆకులున్నాయి. ప్రతి ఆకూ కాస్త మంచును పట్టుకుంది. రాత్రంతా కొమ్మలు ఫెళఫెళ విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. నాలుగు లక్షలకు దగ్గరగా కనెక్షన్లు చీకటిలోకి పోయాయి, కొన్ని పేటలలో కరెంటు తిరిగి రావడానికి వారం పైనే పట్టింది. ఆకులు రాలిన మరో నెలకు అదే మంచు పడి ఉంటే ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కారు.

ఇక 1977 జనవరి నాటి ప్రసిద్ధ మంచు తుపాను. దాన్ని కూడా చాలామంది ఈ ఖాతాలోనే వేస్తారు, అది సరికాదు. ఆ ఏడు ఈరీ సరస్సు డిసెంబరు మధ్యకే గడ్డకట్టింది. ఆవిరి ఆగింది. అయితే గట్టిపడిన సరస్సు మీద వారాల తరబడి మెత్తటి మంచు పేరుకుపోయింది. జనవరి 28న పెనుగాలి లేచి ఆ మంచునంతా ఎత్తుకొచ్చి ఊరి మీద పోసింది. కొత్తగా కురిసింది దాదాపు ఒక అడుగు మాత్రమే. ఇళ్ల రెండో అంతస్తు దాకా గుట్టలు పడ్డాయి, కార్లు కనిపించకుండా పోయాయి, ఇరవై మందికి పైగా చనిపోయారు. సరస్సు గడ్డకడితే బెడద తీరిందన్న నమ్మకాన్ని ఆ ఒక్క తుపాను చెడగొట్టింది.

ఎక్కువసార్లు కొలిచినందుకు పోయిన రికార్డు

ఒంటారియో సరస్సుకు తూర్పున టగ్ హిల్ అనే పీఠభూమి ఉంది. ఆరువందల మీటర్ల ఎత్తు, అంటే పెద్ద కొండేమీ కాదు. కానీ సరస్సు పొడవునా తేమ పీల్చి వచ్చిన గాలి ఒడ్డు తాకగానే నేల రాపిడికి నెమ్మదించి పోగవుతుంది, వాలు ఎక్కుతూ ఇంకా లేస్తుంది. 1976-77 చలికాలంలో అక్కడి హూకర్ అనే చోట 466.9 అంగుళాలు, అంటే దాదాపు 39 అడుగుల మంచు నమోదైంది.

1997 జనవరి 11, 12 తేదీలలో అదే పీఠభూమి మీది మాంటేగ్ అనే ఊరిలో స్వచ్ఛందంగా మంచు కొలిచే పరిశీలకుడు 24 గంటలలో 77 అంగుళాలు లెక్కగట్టారు. అప్పటిదాకా అమెరికా రికార్డు 1921లో కొలరాడోలోని సిల్వర్ లేక్‌లో పడిన 75.8 అంగుళాలు. నిపుణుల సంఘం కూర్చుని పరిశీలించింది. మంచు పడిన మాట నిజమే, కొలిచింది శ్రద్ధగానే. కానీ నియమం ప్రకారం ఆరు గంటలకు ఒకసారి, అంటే రోజుకు నాలుగు సార్లకు మించి కొలవకూడదు. ఆయన ఆరు సార్లు కొలిచారు. రికార్డు చెల్లలేదు.

ఇందులో చాదస్తం ఉన్నట్టు అనిపించవచ్చు, కానీ కారణం గట్టిదే. మంచును తెల్లరంగు వేసిన చెక్క పలక మీద కొలిచి, ఆ వెంటనే పలకను తుడిచేస్తారు. లేక్ ఎఫెక్ట్ మంచు తరచుగా మైనస్ 15 డిగ్రీల పరిసరాలలో పుట్టిన నక్షత్రాకారపు రేకులతో కూడి ఉంటుంది. కొమ్మలు కొమ్మలుగా ఉండే ఆ రేకుల మధ్య గాలే ఎక్కువ. మామూలు మంచు పది అంగుళాలు కరిగిస్తే అంగుళం నీరు వస్తుందని మోటు లెక్క. ఈ రకం మంచు ఒక్కోసారి ఇరవై, ముప్పై అంగుళాలకు గానీ అంగుళం నీరు ఇవ్వదు. అది తన బరువుకే అణిగిపోతూ ఉంటుంది. ఎక్కువసార్లు తుడిచి కొలిస్తే అణిగే అవకాశం దానికి ఉండదు, మొత్తం ఎక్కువ వస్తుంది. ఏడడుగుల మంచు పడిన మర్నాడు పెరట్లో ఏడడుగులు కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే.

నెల్లూరు దాకా

చల్లని పొడి గాలి, వెచ్చని నీరు, ఎదురుగా నేల. ఈ మూడూ ఉన్న చోటల్లా ఇలాంటిది జరుగుతుంది. సైబీరియా నుంచి వీచే గాలి జపాన్ సముద్రాన్ని దాటి హోన్షూ దీవి పడమటి కొండల మీద కుప్పలు పోస్తుంది. టిబెట్‌లోని నామ్ త్సో సరస్సు కూడా శరత్తు చివర తన తూర్పు తీరానికి ఇలాగే మంచు పంచుతుంది. మన దగ్గర మంచు లేదు గానీ, ఈశాన్య రుతుపవనాల కథలో సగం ఇదే: ఖండం మీది పొడి గాలి బంగాళాఖాతం మీదుగా వస్తూ తేమ నింపుకుని నెల్లూరు, తిరుపతి వైపు ఒడ్డెక్కుతుంది. నెల్లూరు ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. మిగతా సగం కథ అల్పపీడనాలది, తుపానులది. ఆ పాత్ర ఈరీ మీద చాలాసార్లు ఉండదు. ఉన్నప్పుడు మాత్రం ఘోరంగా ఉంటుంది. 2022 డిసెంబరు చివర పెద్ద తుపాను గాలీ, గడ్డకట్టని సరస్సూ ఒక్కటయ్యాయి. బఫలో విమానాశ్రయం దగ్గర 51.9 అంగుళాలు, అంటే నెల కిందట ఆర్చర్డ్ పార్క్‌లో పడినంత కూడా కాదు. అయినా బఫలో ఉన్న ఈరీ కౌంటీలో నలభై మందికి పైగా చనిపోయారు. ఒకటిన్నర రోజు పాటు చేయి చాచితే వేళ్లు కనిపించని తెల్లదనంలో అంబులెన్సులు కూడా కదలలేకపోయాయి.

కాబట్టి అక్కడ చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్లు ఊరి పేరు పక్కనున్న అంగుళాల అంకె కంటే స్థానిక వాతావరణ కార్యాలయం రాసే వివరణ చదవడం మేలు. పట్టీ ఎన్ని గంటలకు ఎక్కడ ఉంటుంది, గాలి ఎప్పుడు తిరుగుతుంది అన్నవి అందులో ఉంటాయి. కారులో ఇరుక్కుపోతే ముందు చూడవలసింది వెనక పొగగొట్టం. అది మంచుతో మూసుకుపోయి ఉండగా ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తుంది, వాసన కూడా తెలియదు. పార పట్టి మంచు ఎత్తుతూ గుండెపోటుతో పోయేవారు కూడా ప్రతి పెద్ద తుపానులోనూ ఉంటారు.

భూమి వేడెక్కుతుంటే ఈ బెడద తగ్గాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇప్పటిదాకా జరిగింది అంత సూటిగా లేదు. ఈరీ, ఒంటారియో, మిషిగన్‌లు కూడా ఉన్న పంచ మహా సరస్సుల నీరు వెచ్చబడుతోంది, 1970ల నుంచి చూస్తే మంచు పలకలు సగటున తగ్గుతున్నాయి. పలక ఎంత ఆలస్యంగా పడితే ఆవిరికి అంత ఎక్కువ కాలం దారి తెరిచి ఉంటుంది. ఆర్కిటిక్ గాలి దిగడం మాత్రం పూర్తిగా మానలేదు. ఇరవయ్యో శతాబ్దపు లెక్కలు పరిశీలించిన శాస్త్రవేత్తలలో పలువురు సరస్సుల పక్కన మంచు పెరిగిందనే తేల్చారు. ముందుముందు గాలి కూడా చాలినంత వెచ్చబడితే అదే మేఘం, అదే పట్టీ, అదే చోట వానగా రాలుతుంది. తొలి శరత్తులో ఇప్పటికే అలా రాలుతోంది. ఆ వానకు ఎవరూ పెద్దగా ఫోటోలు తీయరు.